నీళ్ళలో రెండు చుక్కలు

మేడమ్ పోయారని శ్రీనివాస్ ఫోన్ చేసి చెప్పాడు. నేనప్పుడు తాడేపల్లిగూడెంలో మా కాలేజీ ల్యాబులో ఉన్నాను. పిల్లలు ప్రోగ్రాములు రాసుకుంటున్నారు. ఫోన్ పట్టుకుని వరండాలోకి వచ్చాను.

"ఎప్పుడు?"

"నిన్న పొద్దున్నంట. రాజమండ్రి ఆస్పత్రిలో. మనవాళ్ళెవరికీ తెలీలేదు."

తర్వాత వాడే అన్నాడు. "పోయారు అంటుంటే నాకే అదోలా ఉంది. ఆ మాట ఆవిడ ముందు అనేవాళ్ళమా మనం?"

అనేవాళ్ళం కాదు. ఆవిడ అననిచ్చేవారు కాదు.

నిడదవోలు స్టేషన్ రోడ్డులో ఒక బట్టల షాపు, దాని మీద పొడవాటి హాలు. అందులో ఆవిడ కంప్యూటర్ క్లాసులు చెప్పేవారు. మేం చేరేసరికి ఆవిడకి ముప్ఫయ్యయిదేళ్ళు ఉంటాయేమో. లెక్కల్లో ఎమ్మెస్సీ. పెళ్ళి చేసుకోలేదు. కాలవ గట్టు దగ్గర తల్లీ కూతుళ్ళిద్దరే ఉండేవారు. గంజి పెట్టిన నేత చీర, బిగించి చుట్టిన ముడి, మణికట్టు లోపలివైపుకి తిప్పి పెట్టుకున్న వాచీ. గొంతు పెంచడం ఎరగరు. ఆవిడ మాట వినాలంటే మనమే కుర్చీ ముందుకి జరుపుకోవాలి. కంప్యూటర్ ఆన్ చేసేముందు మానిటర్ నెత్తి మీద వేలి కణుపుతో మెల్లిగా తట్టేవారు, ఎవరింటికో వెళ్ళి తలుపు కొట్టినట్టు.

"లోపల ఎవరైనా ఉన్నారాండీ?" అని శ్రీనివాస్ ఒకసారి నవ్వుతూ అడిగాడు.

"తట్టి వెళ్ళడం మర్యాద కదా," అన్నారు. ఆవిడ నవ్వలేదు.

ఊళ్ళో మిగతా సెంటర్లలో మొదటిరోజు కంప్యూటర్ భాగాల పేర్లు రాయించేవారు. ఈవిడ నన్ను నల్లటి తెర ముందు కూర్చోబెట్టారు. తెర మధ్యలో ఒక తెల్ల చుక్క.

"ఏంటిది?"

"చుక్కండీ."

"కాదు. ఇది నువ్వు. కుడివైపుకి నడువు."

బాణం గుర్తు మీట నొక్కాను. చుక్క కదల్లేదు.

"నడవడం అంటే ఏంటో దానికి నువ్వు చెప్పలేదుగా మరి. చెప్పు."

ఆ మధ్యాహ్నమంతా దానికి నడక నేర్పడంతోనే సరిపోయింది. సాయంత్రానికి నాలుగు వైపులకీ నడుస్తోంది. ఆ సంబరంలో కుడి మీట అలా నొక్కుతూనే ఉన్నాను. చుక్క తెర అంచు దాటి మాయమైంది.

"మేడమ్, పోయింది!"

"పోలేదు. కనపడట్లేదు, అంతే. తెర అయిపోయింది గానీ అది నడుస్తూనే ఉంది. ఇప్పుడు ఎక్కడో దూరంగా ఉంటుంది. వెనక్కి పిలువు."

ఎడమ మీట నొక్కాను. ఏమీ లేదు. ఇంకా నొక్కాను. ఏమీ లేదు. అక్కడేమీ లేదని అనుకుంటుండగా అంచు మీద తెల్లగా మెరిసింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ లోపలికి వచ్చింది. అది నేనే రాసిన ప్రోగ్రాము. అయినా అది వచ్చిన తీరుకి నా ఒళ్ళు జలదరించింది.

ఆవిడ ప్రతి పాఠాన్నీ ఆటగానే చెప్పేవారు. 'ఇలా అయితే ఇలా చెయ్యి' అన్నది నేర్పడానికి లెవెల్ క్రాసింగ్ గేటు ఆట రాయించారు. నర్సాపురం లైను రైలొస్తే గేటు పడాలి, వెళ్ళాక లేవాలి, మధ్యలో సైకిలువాడు ఇరుక్కోకూడదు. మాకు తెలిసిన వాటి మీదే ఆటలు రాయమనేవారు. శ్రీనివాస్‌ది భీమవరం దగ్గర పల్లెటూరు, వాళ్ళకి రొయ్యల చెరువులున్నాయి. వాడు చెరువు ఆట రాశాడు. నీళ్ళలో గాలి తగ్గితే ఫ్యాన్లు వెయ్యాలి. ఆలస్యమైతే తెర మీద 'రొయ్యలు చచ్చిపోయాయి' అని పడుతుంది. మేమందరం చప్పట్లు కొట్టాం. ఆవిడ మాత్రం ఆ మాట దగ్గర ఆగిపోయారు.

"చచ్చిపోయాయని నీకెలా తెలుసు?"

"తేలతాయి కదండీ మేడమ్. పొద్దున్నే చెరువు నిండా తెల్లగా తేలిపోతాయి."

"తేలితే రాయి. తేలకపోతే రాయకు." ఆ మాట చెరిపించి, ముందు తేలినవి లెక్కపెట్టే వరసలు రాయించారు. అప్పుడు మాకు అది చాదస్తం అనిపించింది. వెనకాల నవ్వుకున్నాం కూడా.

ఆ రోజుల్లో మధ్యాహ్నం అయ్యేసరికి కరెంటు పోయేది. రోడ్డు మీది దుమ్ము లోపలికి రాకుండా కిటికీలు మూసే ఉంచేవారు కాబట్టి హాలంతా మసకైపోయేది. వేరేచోట అయితే ఇళ్ళకి పంపేస్తారు. ఆవిడ కూర్చోమనేవారు.

"కరెంటు పోయింది. ఆట పోలేదు. పడవ ఎక్కడుంది?"

వరదలో దుంగలు కొట్టుకొస్తుంటే వాటిని తప్పించుకుంటూ పడవని అవతలి గట్టుకి చేర్చే ఆట అది. దాన్నప్పుడు తెర లేకుండా ఆడాలి. ప్రోగ్రాములో ఒక్కో వరసా తలచుకుంటూ పడవ ఏ గడిలో ఉందో, దుంగ ఎక్కడిదాకా వచ్చిందో ఒకరి తర్వాత ఒకరం చెప్పాలి. ఆవిడ నల్లటి తెరల వెనక మెల్లిగా నడుస్తూ "ఎడమ మీట నొక్కాను. ఇప్పుడు?" అనేవారు. ఆరిపోయిన తెర వైపు చూస్తూ మేం జవాబులు చెప్పేవాళ్ళం. కాసేపటికి నిజంగానే ఏదో కనపడుతున్నట్టుండేది. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి నీళ్ళ చప్పుడు వినపడుతోందని ఏడ్చేసింది. మర్నాటి నించీ క్లాసు మానేసింది. నాకు మాత్రం ప్రోగ్రాము రాయడం వచ్చింది ఆ చీకట్లోనే.

హాలు చివర మూల ఒక కంప్యూటర్ ఉండేది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. పక్కనే పెద్ద యూపీయస్. ఆ కంప్యూటర్‌ని రాత్రీ పగలూ ఆపేవారు కాదు. తెర మీద పల్చటి తెల్లగుడ్డ కప్పి ఉండేది. ఆ గుడ్డలోంచి చిన్న వెలుగు కనపడేది. కాసేపు ఒకచోట నిలబడి, పక్కకి జరిగి, మళ్ళీ నిలబడి. గుడ్డ కింద ఎవరో మెల్లిగా ఊపిరి తీస్తున్నట్టుండేది. క్లాసు జరుగుతున్నంతసేపూ ఆవిడ ఎటు తిరిగినా ఆ మూలకి మాత్రం వీపు పెట్టేవారు కాదు.

కరెంటు ఎక్కువసేపు రాకపోతే ఆ యూపీయస్ కీచుమని అరవడం మొదలెట్టేది. అప్పుడావిడ చెప్తున్నది చెప్తున్నట్టే ఆపేసి వెళ్ళి దాని పక్కన నిలబడేవారు. అరుపు ఆగేది. గుడ్డ కింద వెలుగు ఆరేది. కరెంటు వచ్చేదాకా మానిటర్ మీద అరచెయ్యి వేసి ఉంచేవారు. వచ్చాక గుడ్డలోకి తల దూర్చి ఏవో మీటలు నొక్కి, "మళ్ళీ మొదట్నించీ" అని గొణుక్కునేవారు.

దాని వెనకున్న సంగతి నాకు మొదట చెప్పింది ఆవిడ కాదు, వాళ్ళమ్మగారు. పొట్టిగా, వంగిపోయి ఉండేవారు. రోజూ మధ్యాహ్నం కూతురికి క్యారేజీ తెచ్చేవారు. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేక కింద షాపు అరుగు మీద కూర్చుంటే, మాలో ఎవరో ఒకరు దిగి అందుకునేవాళ్ళం. ఒకరోజు నేను వెళ్తే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"పైన ఏదో గుడ్డ కప్పి పెట్టుకుందట కదా. ఏంటమ్మా అది?"

"తెలీదండి మామ్మగారూ."

ఆవిడ రోడ్డు వైపు చూస్తూ చెప్పుకొచ్చారు. "దీనికో తమ్ముడుండేవాడు. ఇంటర్ చదివేవాడు. ఎప్పుడూ ఆ వీడియో గేములే. రాజమండ్రిలో ఎవరిదో షాపుకి పోయి ఆడేవాడు. ఇది పక్కన కూర్చుని చూసేది. వాడు గెలిస్తే దీనికే ఎక్కువ సంబరం. కార్తీకంలో అక్కా తమ్ముడూ పట్టిసీమ వెళ్ళారు. పడవెక్కినప్పుడు వాడున్నాడు. దిగేటప్పుడు లేడు."

"పడిపోయాడా అండీ?"

"అదే ఎవరికీ తెలీదు. పడవ నిండా జనం. ఒక్కళ్ళకీ చప్పుడు వినపడలేదట. వలలేయించాం. ధవళేశ్వరం ఆనకట్ట దాకా వెతికించాం. చెప్పు కూడా దొరకలేదు." పైట చెంగుతో క్యారేజీ మూత తుడిచారు. అది శుభ్రంగానే ఉంది. "వాళ్ళ నాన్న ఆ దిగులుతోనే పోయాడు. ఆయనకి ఏటేటా తద్దినం పెట్టిస్తున్నాను. వాడికేమో ఇది పెట్టనివ్వదు."

పైకి వెళ్ళాక మేడమ్‌ని మామూలుగా చూడలేకపోయాను. ఆవిడ కనిపెట్టారు. నాలుగు రోజులాగి, అందరూ వెళ్ళిపోయాక "ఉండు" అన్నారు. వాచీ చూసుకున్నారు. కాసేపు ఆగి ఆ గుడ్డ తీశారు.

తెరంతా అలల్లాంటి వంకర గీతలు. మధ్యలో ఒక తెల్ల చుక్క. కాసేపు కదలకుండా ఉండి, ఒక గడి పక్కకి జరిగింది. మళ్ళీ ఆగింది.

"ఇది నేను," అన్నారు. "ఇంకో చుక్కుంది. వాడు. ఇద్దరం ఎటు పోవాలో నేను చెప్పను. అడుగడుక్కీ కంప్యూటరే ఒక అంకె వేస్తుంది. దాన్ని బట్టి నడుస్తాం. నది పెద్దది. ఇక్కడ కనపడేది నా చుట్టూ ఉన్న కాస్త మేరే. ఇద్దరం ఒకే గడిలోకి వస్తే ప్రోగ్రాము ఆగుతుంది. రానంతవరకూ లూపే, మళ్ళీ మళ్ళీ అదే నడక."

ఆవిడ మళ్ళీ వాచీ చూశారు. "పైన, కుడి మూల చూడు."

చూశాను. నీళ్ళు తప్ప ఏమీ లేవు. తర్వాత తెర అంచున, సరిగ్గా ఆవిడ చెప్పిన మూల, ఇంకో చుక్క వచ్చింది. కొంచెం లోపలికి వచ్చింది. అక్కడక్కడే తచ్చాడింది. మధ్యలో ఉన్న చుక్క దానివైపు ఒక అడుగు వేసింది, మళ్ళీ ఇటు తిరిగింది. ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. చెయ్యి చల్లగా ఉంది. మూలనున్న చుక్క అంచు దాటి వెళ్ళిపోయింది.

"చూశావా?"

"చూశానండి. వస్తాడని ముందే ఎలా తెలుసండీ?"

"ప్రతిసారీ ఇంతే. మొదలుపెట్టిన మర్నాడు సాయంత్రం ఇక్కడికొస్తాడు, వెళ్తాడు. కంప్యూటర్‌కి ప్రత్యేకంగా చెప్తే తప్ప మొదట్నించీ అవే అంకెలు, అదే వరసలో వేస్తుంది. పాఠంలో చెప్పాగా. అందుకని ఎన్నిసార్లు మొదలెట్టినా ఇద్దరం నడిచిన దారుల్లోనే నడుస్తాం. ఎక్కడ కలుస్తామో, అసలు కలుస్తామో లేదో, అది మొదటి అడుగులోనే ఉండిపోయింది." గుడ్డ చేతిలో నలుపుతూ అన్నారు. "అక్కడిదాకా ఎప్పుడూ వెళ్ళలేదు. మూడో రోజో నాలుగో రోజో ఈ యూపీయస్ చాలనంతసేపు కరెంటు పోతుంది. ఆ తర్వాత ఏముందో నాకూ తెలీదు."

"వేగంగా నడిపిస్తే కాసేపట్లో తెలిసిపోతుంది కదండీ?" అని అడిగాను. చదువుకుంటున్న పిల్లని, నాకు అదే తోచింది.

"తెలుస్తుంది." గుడ్డ మళ్ళీ తెర మీద కప్పారు. "ఆ రోజు పడవ గట్టుకి తగలకుండానే నేను లేచి నిలబడ్డాను. ముందుగా దిగాలని. వాడు పక్కనే ఉన్నాడనుకున్నాను. తొందరపడ్డాను. మళ్ళీ తొందరపడను."

నేను ఇంటికి నడిచి వస్తుంటే ఎదురుగా వచ్చే ప్రతి మనిషీ ఎటు తిరుగుతాడా అని చూశాను. కాలవ వంతెన మీద ఒక కుర్రాడు ఊరికే నిలబడి ఉన్నాడు. వాడు కదిలేదాకా నేనూ కదల్లేకపోయాను.

ఆ శ్రావణంలో గోదావరి పుష్కరాలు వచ్చాయి. నిడదవోలు మీదుగా కొవ్వూరుకీ రాజమండ్రికీ ఎన్ని రైళ్ళో. పొద్దున్నించీ స్టేషన్ మైకు ఆగేది కాదు. స్టేషన్ రోడ్డు నిండా తడిబట్టలు భుజాన వేసుకుని నడిచే జనం. యాత్రికులకి ఇబ్బంది కాకూడదని కరెంటు తియ్యడం మానేశారు. ఫ్యాన్లు రాత్రీ పగలూ తిరుగుతుంటే ఊరందరికీ పండగలా ఉంది. కాలేజీలకి సెలవులు. మా క్లాసుకి నేనూ, శ్రీనివాస్, ఇంకో ఇద్దరు ముగ్గురూ వచ్చేవాళ్ళం.

మేడమ్ మాత్రం రోజురోజుకీ మాట తగ్గించేశారు. మూడో రోజు దాటింది, నాలుగో రోజు దాటింది. మూల గుడ్డ కింద వెలుగు నడుస్తూనే ఉంది. ఎప్పుడూ వెళ్ళని చోట్లకి వెళ్తోంది. పాఠం చెప్తూ చెప్తూ అటు చూసి వాక్యం మర్చిపోయేవారు.

ఒకరోజు క్యారేజీ అందుకోవడానికి ఆవిడే కిందికి దిగారు. తల్లీ కూతుళ్ళ మాటలు మెట్ల మీదనించి మాకు వినపడ్డాయి.

"పుష్కరాలు మళ్ళీ పన్నెండేళ్ళకి గాని రావే. అప్పటికి నేనుంటానా? మీ నాన్నకి పిండం పెట్టి, వాడికి పెట్టకుండా ఎలా వస్తాను చెప్పు?"

"లేనివాళ్ళకి పెడతారమ్మా."

"అయితే వాడున్నాడా?"

"లేడని నీకెవరు చెప్పారు?"

"తొమ్మిదేళ్ళయిందే! ఎవరు చెప్పాలే నాకు?" మామ్మగారి గొంతు పగిలింది. "ఆకలితో తిరుగుతున్నాడేమోనే వాడు. నీకు పంతం. వాడికి ఆకలి."

మేడమ్ పైకి వచ్చి క్యారేజీ బల్ల మీద పెట్టి, విప్పకుండానే కూర్చున్నారు.

ఆ బుధవారం మధ్యాహ్నం శ్రీనివాస్‌కి ఏదో తప్పు సరిచేసి చూపిస్తున్నారు. నేను నా తెర ముందు కూర్చుని ఉన్నాను. ఉన్నట్టుండి ఏదో తేడాగా అనిపించింది. ఫ్యాను తిరుగుతోంది. కింద స్టేషన్ మైకు మోగుతోంది. అన్నీ ఉన్నాయి. అప్పుడు మూలకి చూశాను. గుడ్డ కింద వెలుగుంది, కానీ కదలడం లేదు. మళ్ళీ కదులుతుందని చూశాను. చాలాసేపు చూశాను.

"మేడమ్," అన్నాను.

ఆవిడ నావైపు చూశారు. తర్వాత అటు చూశారు. లేచి వెళ్ళి, గుడ్డని రెండు చేతులతో, నిద్రపోతున్న పిల్లాడి మీది దుప్పటి తీసినట్టు తీశారు.

మేమందరం ఆవిడ వెనక చేరాం. తెర మీద ఒకే ఒక్క చుక్క ఉంది. ఒక గడిలో ఇద్దరున్నారు కాబట్టి ఒకటే కనపడుతోంది. పక్కనే నిలువుగా గీత, గట్టు. కింద ఒక ఇంగ్లీషు ముక్క, ఏ ప్రోగ్రాము ముగిసినా కంప్యూటర్ తనంతట తాను వేసేదే. ప్రెస్ ఎనీ కీ టు కంటిన్యూ. కొనసాగడానికి ఏదో ఒక మీట నొక్కమని. రోజుకి వందసార్లు చూసే ముక్క అది. అప్పుడు చదువుతుంటే నాకు భయమేసింది.

"ఎవరూ ముట్టుకోలేదండీ," అన్నాడు శ్రీనివాస్, ఎవరూ అడక్కుండానే.

"తెలుసు," అన్నారావిడ. తెర మీది గట్టు గీతని వేలితో తాకారు. "ఇది దిగే రేవు. నేను లేచి నిలబడిన చోటు. ఇంత నదీ తిరిగి ఇక్కడికే వచ్చాడు."

తర్వాత నావైపు తిరిగి, ఏదో తెలీని పిల్లలా అడిగారు. "ఇప్పుడేం చెయ్యాలి? లూపు అయ్యాక ఏం రావాలో నేను రాయలేదు."

మాకు అన్నీ నేర్పిన మనిషి అడిగిన మాట అది. ఆవిడ ఆ తెర ముందు కుర్చీలో కూర్చున్నారు. మీటల మీద చెయ్యి వెయ్యలేదు.

కాసేపటికి నేను కిందికి దిగాను. మామ్మగారు అరుగు మీద క్యారేజీతో ఉన్నారు. ఎలా చెప్పాలో తెలీక, "మేడమ్ దగ్గరికి ఒకసారి పైకి రండి మామ్మగారూ," అన్నాను. ఆవిడ నా మొహం చూసి ఇంకేం అడగలేదు. గోడ పట్టుకుని, నా భుజం పట్టుకుని, ప్రతి మెట్టు మీదా ఆగి ఆగి ఎక్కారు. ఆ హాల్లోకి ఆవిడ రావడం అదే మొదటిసారి. అన్ని మానిటర్లనీ దాటుకుని నేరుగా కూతురి దగ్గరికి వెళ్ళారు.

"ఏంటే ఇది?"

మేడమ్ చెప్పారు. మాకు చెప్పినట్టే, ఓపిగ్గా. ఇది నది, ఇవి నీళ్ళు, ఇది గట్టు. ఇన్నాళ్ళూ తిరిగాం. ఇప్పుడు ఆగాం. మామ్మగారు కళ్ళద్దాలు సరిచేసుకుని తెరకి దగ్గరగా వంగారు.

"ఇందులో నువ్వేది? వాడేది?"

"ఇద్దరం ఒకచోటే ఉన్నామమ్మా."

మామ్మగారు చాలాసేపు చూశారు. తర్వాత ఆ చుక్క మీద, గాజు మీద, అరచెయ్యి ఆనించారు. జ్వరమేమో చూడ్డానికి నుదుటి మీద పెట్టినట్టు. చెయ్యి తియ్యకుండానే అన్నారు, "దొరికాడుగా తల్లీ. ఇంక అన్నం పెట్టనీ వాడికి."

మేడమ్ తలూపారు. ఆవిడ ఏడవడం మేం చూడలేదు గానీ, ముడి విడిపోయి జుట్టు వీపంతా పడిపోయినా చూసుకోలేదు.

ఆ తెర శుక్రవారం పొద్దుటిదాకా అలాగే ఉంది. కొవ్వూరు బయల్దేరే ముందు నన్ను కూడా రమ్మన్నారు. హాలు తాళం తీసి, చెప్పులు బయట వదిలి, తల్లిని పట్టుకుని లోపలికి వచ్చారు. "ఏ మీటైనా ఒకటేనా?" అని అడిగారు.

"ఒకటేనండి."

తల్లి వేలు పట్టుకుని పొడుగాటి మీట మీద పెట్టి, దాని మీద తన వేలు పెట్టారు. నది పోయింది. నీలం తెర మీద ఆవిడ రాసిన ప్రోగ్రాము వచ్చింది. కొద్ది వరసలే. ఇన్నేళ్ళూ నడిచింది ఇంత చిన్న ప్రోగ్రామా అనిపించింది. స్విచ్ ఆపేశారు. ఆ మానిటర్ చీకటిగా ఉండి, పక్కన ఆవిడ మామూలుగా నిలబడి ఉండటం అప్పుడే చూశాను.

కొవ్వూరు గోష్పాదం రేవులో ఇసుక వేస్తే రాలనంత జనం. మేడమ్‌కి వరసకి అన్నయ్యే ఒకాయన పిండం పెట్టడానికి కూర్చున్నారు. పురోహితుడు తొందరలో ఉన్నాడు. ముందు తండ్రిగారిది అయింది. తర్వాత పిల్లాడి పేరూ గోత్రమూ అడిగాడు. మామ్మగారు చెప్పారు.

"పోయి ఎన్నాళ్ళయిందమ్మా? తిథి?"

"తొమ్మిదేళ్ళండి. తిథి..." మామ్మగారు ఆగిపోయారు. "గోదాట్లో కనపడకుండా పోయాడండి. మనిషి దొరకలేదు."

"తిథి తెలియనివాళ్ళకి అమావాస్య పెట్టుకుంటారు. పరవాలేదు. ముందుముందు కూడా అలాగే పెట్టుకోండి."

"తిథి ఉందండి," అన్నారు మేడమ్.

ఆవిడ గొంతు పెంచి మాట్లాడటం అప్పుడే విన్నాను. పక్కన కూర్చున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు.

"చెప్పండమ్మా."

"శ్రావణ శుద్ధ నవమి."

నవమంటే మొన్నటి బుధవారం. పిల్లాడు నీళ్ళలో కనపడకుండా పోయింది కార్తీకంలో. ఆ సంగతి ఆ చాప మీద కూర్చున్న ముగ్గురికీ తెలుసు, వెనక నిలబడ్డ నాకూ తెలుసు. మామ్మగారు కూతురి మొహంలోకి చూశారు.

పురోహితుడు తలెత్తి అడిగాడు. "నవమేనా అమ్మా? మీరు చెప్పండి, తల్లి కదా."

"నవమేనండి," అన్నారు మామ్మగారు.

ఆయన పిండం మీద నువ్వులు వేయిస్తూ మంత్రం అందుకున్నాడు. మామ్మగారు కళ్ళు మూసుకుని, మర్చిపోకుండా నోటికి పట్టించుకోవడానికి, శ్రావణ శుద్ధ నవమి, శ్రావణ శుద్ధ నవమి అని పెదవుల్లోనే అనుకుంటూ కూర్చున్నారు.